ముందు చేతులకి సిరా అంటనివ్వండి, అద్దాల పెట్టెలు తర్వాత

సెలవురోజు పిల్లల్ని తీసుకుని రేర్ బుక్ లైబ్రరీకి వెళ్తున్నామని ఎవరితోనైనా చెప్పి చూడండి, అవతలివాళ్లకి వెంటనే ఆ పిల్లల మీద జాలి పుట్టుకొస్తుంది. వాళ్లననడానికి లేదు. అక్కడ చప్పుడు చెయ్యకూడదు, ముట్టుకోకూడదు, పరిగెత్తకూడదు, పైగా ఉన్నవన్నీ చాలావరకు మనకి రాని భాషల్లో పాత పుస్తకాలు, అవి కూడా ఏదో ఒక్క పేజీ దగ్గర తెరిచిపెట్టి అద్దం కింద ఉంటాయి. అందులో చిన్నపిల్లలకి ఏముంటుంది? ఆ మాటకొస్తే పెద్దవాళ్లకి మాత్రం ఏముంటుంది? ఈసారి ఆ హాళ్లలో పెద్దవాళ్లని గమనించండి. చేతులు వెనక్కి కట్టుకుని, లేబుల్ చదివి, ఓహో అన్నట్టు తలాడించి పక్క పెట్టెకి జరిగిపోతుంటారు. పుస్తకం వంక చూసేది తక్కువ.

మా ఇంట్లో మాత్రం వీటికి పిల్లలే ముందు తయారవుతారు. అలాగని వాళ్లేం పుస్తకాల పురుగులు కారు. మేం వెళ్లే వరస మార్చాం, అంతే. లైబ్రరీ వాళ్లు ఫ్యామిలీ డే అనో పిల్లల వర్క్‌షాప్ అనో పెట్టిన రోజు చూసుకుని వెళ్తాం, వెళ్లాక ఎగ్జిబిషన్ హాలు వైపు కన్నెత్తి కూడా చూడకుండా తిన్నగా ఆ చేతిపని బల్లల దగ్గరికి పోతాం, సిరా జిగురు మట్టి అన్నీ పూసుకుంటాం, శుభ్రంగా చేతులు కడుక్కుని అప్పుడు అద్దాల పెట్టెల దగ్గరికి. అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. ముందు బుద్ధిగా ఎగ్జిబిషన్ చూడండి, చూస్తే తర్వాత ఆడుకోనిస్తాం అని. ఆ ఆటలోనే అసలు విషయం ఉంది. అది అయ్యాక గానీ అద్దం వెనకాల ఉన్నది కంటికి ఆనదు.

మడతపెట్టే బల్ల సంగతి చెప్తాను. వార్తాపత్రికంత కాగితం ఒకటి చేతికిస్తారు. రెండు వైపులా పేజీ నంబర్లు అచ్చేసి ఉంటాయి గానీ ఒక క్రమం పాడూ ఉండదు. కింది వరసలో 4, 13, 16, 1 అని ఉంటే, పై వరసలో 5, 12, 9, 8 తలకిందులుగా ఉన్నాయి. "అమ్మా, వీళ్లు తప్పు అచ్చేశారే!" అంది మా పెద్దది, పెద్దవాళ్ల తప్పు దొరికిందన్న సంబరంతో. లైబ్రేరియన్ ఏమీ చెప్పకుండా నవ్వి, "ముందు మడువమ్మా" అంది. ఒకసారి మడిస్తే 2 ఆకులు, 4 పేజీలు, దాన్ని ఫోలియో అంటారు. ఇంకోసారి మడిస్తే 4 ఆకులు, 8 పేజీలు, అది క్వార్టో. మూడోసారి మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు, ఆక్టేవో. మడత ఉన్న అంచుల్ని మొద్దు కత్తితో కోసి తిప్పితే 1 నుంచి 16 దాకా పేజీలన్నీ వరసగా, నిటారుగా వచ్చేశాయి. అది నమ్మలేక మళ్లీ విప్పి పరిచి చూసింది, మళ్లీ మడిచింది. ప్రెస్సుల్లో ఫారాల లెక్కన, అంటే ఇలాంటి పెద్ద కాగితాల లెక్కన పుస్తకం ఖర్చు ఎందుకు కడతారో నాకూ అప్పుడే ఒంటబట్టింది.

ఇక హాల్లోకి వెళ్లాక ఆ పిల్ల పుస్తకం ఏ దేశానిది, ఎవరు రాశారు అని అడగలేదు. పెట్టె పక్కన గొంతుకూర్చుని పుస్తకం పై అంచు చూడటం మొదలుపెట్టింది. ఎందుకే అంటే, మడతలు కొయ్యకుండా వదిలేసిన పుస్తకం ఏదైనా ఉందేమోనట. ఉంది కూడా. పాత రోజుల్లో చాలా పుస్తకాలు మడతలు కొయ్యకుండానే అమ్మేవాళ్లు, కొన్నవాళ్లే కోసుకుంటూ చదువుకోవాలి. అంటే మడతలు అలాగే ఉన్న పుస్తకాన్ని ఇన్నేళ్లలో ఎవరూ పూర్తిగా చదవలేదన్నమాట. లేబుల్‌లో ఆ ముక్క లేదు.

కాగితం గురించి కూడా ఇక్కడే. చేత్తో కాగితం చేసే బల్ల దొరికితే వదలొద్దు. నానిన గుజ్జు ఉన్న తొట్టిలోకి సన్నటి తీగలు బిగించిన చట్రాన్ని ముంచి, పైకెత్తి, అటూ ఇటూ ఒక్కసారి కదిపి నీళ్లు కారనివ్వాలి. మా చిన్నోడు ఎత్తిన మొదటి కాగితం ఒకవైపు దిబ్బలా, ఇంకోవైపు చిల్లులతో వచ్చింది. ఆరాక వెలుతురుకి పట్టి చూస్తే తీగల జాడలు గీతల్లా కనిపిస్తాయి. అసలు పాత పుస్తకాల్లోనూ అవే గీతలు. దూరదూరంగా ఉండే గీతలు ఫోలియో పుస్తకంలో నిలువుగా ఉంటాయి, అదే కాగితాన్ని ఇంకోసారి మడిచిన క్వార్టోలో అడ్డం తిరుగుతాయి. పుస్తకాల మీద పనిచేసేవాళ్లు సైజు చూసి మోసపోకుండా ఈ గీతల్ని చూసి తేలుస్తారు. తీగలతో ఒక బొమ్మ అల్లి చట్రానికి కుడితే అదే వాటర్‌మార్క్. ఇటలీలో 13వ శతాబ్దం నుంచీ ఉన్న అలవాటు అది.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. 550 ఏళ్ల నాటి పుస్తకం తెల్లగా ఉంది, మనింట్లో తాతయ్య పుస్తకం పచ్చబడి ముట్టుకుంటే విరిగిపోతోంది, ఎందుకని? అప్పటి కాగితం పాత గుడ్డలతో చేసింది. నార, నూలు గుడ్డల్ని నానబెట్టి దంచి గుజ్జు చేసేవాళ్లు, అందులో పీచు పొడుగ్గా, గట్టిగా ఉంటుంది. 19వ శతాబ్దం మధ్య నుంచి చెక్క గుజ్జు వచ్చింది, చవక, కానీ అందులో ఆమ్లం ఉండిపోయి కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. కాబట్టి లైబ్రరీలకి గుండెల్లో గుబులు పుట్టించేది యూరప్‌లో అక్షరాలు పేర్చి పుస్తకాలు అచ్చెయ్యడం మొదలుపెట్టిన గూటెన్‌బర్గ్ నాటి పుస్తకాల కంటే వందేళ్ల కిందటి దినపత్రికలు. ఈ ఒక్క మాట పిల్లలకి తెలిస్తే 'పాతది అంటే పాడైపోయింది' అన్న లెక్క పోతుంది.

లెటర్‌ప్రెస్ బల్ల దగ్గర ఎప్పుడూ క్యూ ఉంటుంది, అయినా నిలబడండి. సీసం, తగరం, యాంటిమొనీ కలిపి పోత పోసిన అక్షరాలు, ఒక్కోటీ గోరంత. కంపోజింగ్ స్టిక్ ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో ఒక్కో అక్షరం ఏరి పేర్చాలి. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి కాబట్టి బీ, డీ, పీ, క్యూ నాలుగూ పిల్లల్ని ఒక ఆట ఆడిస్తాయి. మా చిన్నోడు తన పేరు పేర్చుకుని, సిరా రోలర్ దొర్లించి, కాగితం వేసి, మిషన్ పిడి లాగి, తీసి చూస్తే ఎన్ అనే అక్షరం తలకిందులై యు అయి కూర్చుంది. అప్పటికే కొన్ని కాగితాలు లాగేశాడు. అక్షరం సరిచేసి మిగతావి వేశాడు. "మరి ఇవి పారేయాలా?" అంటే అక్కడున్న ఆయన, "కాగితం డబ్బులు ఎవరిస్తారు, అవీ పట్టుకెళ్లు" అన్నాడు.

ఆయన సరదాకే అన్నాడు గానీ, షేక్‌స్పియర్ ఫస్ట్ ఫోలియో చరిత్ర కూడా సరిగ్గా ఇదే. 1623లో అచ్చయిన ఆ పుస్తకంలో 36 నాటకాలు, వాటిలో సగం అంతకుముందు అచ్చు మొహం చూడనివి. అచ్చు నడుస్తుండగానే తప్పులు కనిపిస్తే మిషన్ ఆపి దిద్దేవాళ్లు, అప్పటికే అచ్చయిన తప్పు కాగితాల్ని మాత్రం పారెయ్యకుండా అవీ బైండింగ్‌లో కలిపేసేవాళ్లు. అందుకే మిగిలిన దాదాపు 235 ప్రతుల్లో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. వాషింగ్టన్‌లోని ఫోల్జర్ లైబ్రరీ దగ్గర ఒక్కచోటే 82 ప్రతులున్నాయి, 2024లో రిపేర్ల తర్వాత తెరిచినప్పటి నుంచి వాటన్నిటినీ ఒకే గోడకి పేర్చి చూపిస్తున్నారు. ఒకే పుస్తకం 82 కాపీలు దేనికి అని మామూలుగా అయితే అడగాలనిపిస్తుంది. చేతిలో తప్పు పేరు ఒకటి, ఒప్పు పేరు ఒకటి పట్టుకున్న పిల్లాడికి ఆ ప్రశ్న రాదు.

గూటెన్‌బర్గ్ బైబిల్ కూడా అక్షరాలు పేర్చినవాళ్లకే అందుతుంది. 1455 ప్రాంతంలో మైన్జ్ ఊళ్లో అచ్చయింది, పేజీకి రెండు కాలమ్‌లు, కాలమ్‌కి 42 లైన్లు, పుస్తకం మొత్తం 1,280 పేజీల పైచిలుకు. మొత్తం 180 దాకా వేశారని అంచనా, ఇప్పుడు పూర్తిగానో కొంత పోయో 49 మిగిలాయి. న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో మూడున్నాయి, ఒక్కచోట మూడుండటం ఇంకెక్కడా లేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నది తోలు మీద అచ్చేసిన సంపూర్ణ ప్రతి. ఇవన్నీ లేబుల్‌లో ఉంటాయి. లేబుల్‌లో లేనిదేంటంటే, తన పేరుకి ఆరు అక్షరాలు ఏరడానికే ఆపసోపాలు పడిన పిల్ల ఆ పేజీ ముందు నిలబడి, ఒక లైనుకి అక్షరాలు లెక్కపెట్టి, 42తో, మళ్లీ రెండుతో గుణించి, "అమ్మా, ఒక్క పేజీకి రెండున్నర వేలు!" అని కళ్లు పెద్దవి చేసుకోవడం. ఎర్ర అక్షరాలు, రంగుల లతలు మాత్రం చాలావరకు అచ్చు కావు. వాటికి ఖాళీ వదిలేస్తే కొన్నవాళ్లు చిత్రకారుడి చేత చేత్తో వేయించుకునేవాళ్లు, అందుకని ప్రతి ప్రతికీ అలంకారం వేరు.

తోలు అన్నాను కదా. కొన్ని లైబ్రరీలు పార్చ్‌మెంట్ ముక్కలు ముట్టుకోవడానికి పెడతాయి, కొత్తగా చేసినవి, ఏ పుస్తకంలోంచీ చింపినవి కావు. దూడ, గొర్రె, మేక చర్మాలు. ఒకవైపు కాస్త పసుపుగా, వేలితో రాస్తే సన్నటి గరుకు, దగ్గరగా చూస్తే వెంట్రుకలు మొలిచిన చోట చుక్కలు చుక్కలుగా ఉంటాయి. రెండోవైపు తెల్లగా, మెత్తగా. "ఛీ" అని చెయ్యి వెనక్కి లాక్కున్న మా చిన్నోడు ఆ తర్వాత దాన్ని వదల్లేదు. ఇక హాల్లో పార్చ్‌మెంట్ పుస్తకం కనిపిస్తే చాలు, ఇది వెంట్రుకల వైపా మాంసం వైపా అని పందెం. పుస్తకం తెరిస్తే ఎదురెదురు పేజీలు రెండూ ఒకే రకంగా ఉండేలా పేర్చడం యూరప్‌లో మామూలు. ఫ్లోరెన్స్‌లోని లారెన్షియన్ లైబ్రరీలో కోడెక్స్ అమియాటినస్ అని 8వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో రాసిన బైబిల్ ఉంది, దాదాపు 34 కిలోల బరువు, 500కి పైగా దూడ చర్మాలు పట్టాయి. ఆ చర్మం ముట్టుకున్నాక ఈ 500 అన్న అంకె చెవికి వేరేగా వినిపిస్తుంది.

సిరా సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం. మధ్యయుగాల యూరప్ సిరాకి కావలసినవన్నీ మన పచారీ కొట్టువాడికి తెలిసిన పేర్లే. మాచికాయలు, అన్నభేది, తుమ్మబంక. మాచికాయ అంటే కాయ కాదు, ఓక్ చెట్టు లేత కొమ్మ మీద ఒకరకం చిన్న కందిరీగ గుడ్డు పెడితే చెట్టు దాని చుట్టూ కట్టుకునే బుడిపె. దాన్ని దంచి నానబెట్టిన నీళ్లలో అన్నభేది వేస్తే సిరా అవుతుంది, చిక్కదనానికి బంక. ఈకతో కాగితం మీద గీస్తే మొదట నీళ్లలాగా బూడిదరంగులో ఉంటుంది, మన కళ్లముందే గాలి తగిలి నల్లబడుతుంది. పిల్లలకి ఇది గారడీ కిందే లెక్క. ఈక కూడా సులువేం కాదు, నొక్కితే పాళీ చీలిపోతుంది, నొక్కకపోతే గీత పడదు, రెండు అక్షరాలకోసారి ముంచాలి. తర్వాత పెట్టెలో ఉత్తరం చూపించి, చూడండి, అక్షరాలున్నచోట సన్నటి చిల్లులున్నాయి అంటే వెంటనే కారణం అడుగుతారు. ఆ సిరాలోని ఆమ్లం, ఇనుమే కొన్నిచోట్ల కాగితాన్ని కాల్చినట్టు తినేస్తాయి. రాసినవాడి సిరాయే రాతని మింగేస్తుందన్నమాట.

తాళపత్రాల బల్ల ఉండే చోట్లు తక్కువ, ఉంటే మాత్రం దానికే మొదటి ఓటు. తాటాకు పట్టీ మీద గంటంతో గీకితే ఏమీ కనిపించదు. రాశావా లేదా అని సందేహం వస్తుంది. మసి, నూనె కలిపి పులిమి, గుడ్డతో తుడిచేస్తే గీతల్లో మసి నిలిచి అక్షరాలు తేలతాయి. రాసేటప్పుడు తాడు దూర్చే బెజ్జం చుట్టూ చోటు వదలాలి. వదలని వాళ్ల వాక్యం మధ్యలోంచి తాడు పోతుంది, మా ఇద్దరిదీ పోయింది.

కదిలే పుస్తకాల గురించి చాలామందికి తెలియదు. పీటర్ ఆపియన్ అనే ఆయన 1540లో ఇంగోల్‌స్టాట్‌లో అచ్చేసిన ఆస్ట్రొనామికమ్ సీజేరియమ్ అనే ఖగోళ గ్రంథంలో ఒకదానిమీద ఒకటి పేర్చిన కాగితం చక్రాలుంటాయి, వాటిని తిప్పి గ్రహాల స్థానాలు లెక్క కట్టుకోవచ్చు. చక్రం మధ్యనుంచి పట్టుదారం, దానికి చిన్న ముత్యం. చేతిపని బల్ల దగ్గర అట్టముక్కలు, ఇత్తడి పిన్నుతో అలాంటి చక్రం చేస్తారు. చెయ్యడం పది నిమిషాలు, కానీ మధ్య బెజ్జం వెంట్రుకవాసి పక్కకి పోతే చక్రం తూలుతుంది. తూలే చక్రం చేసిన పిల్లలు ఆపియన్ చక్రాల ముందు నిలబడి చూసే చూపు వేరు.

బొమ్మల పుస్తకాల్లో ఆడుబాన్ అనే చిత్రకారుడి బర్డ్స్ ఆఫ్ అమెరికా పెద్ద ఆకర్షణ. 1827 నుంచి 1838 దాకా విడతలు విడతలుగా అచ్చయిన 435 బొమ్మలు, కాగితం దాదాపు మీటరు ఎత్తు. పక్షులన్నిటినీ అసలు సైజులోనే వెయ్యాలని ఆయన పంతం, అంత కాగితం మీద కూడా ఫ్లెమింగో పట్టక మెడ వంచి ముక్కు నేలకి దించాడు. దీనికి ఒక లైబ్రరీలో చక్కటి పని ఇచ్చారు. పెద్ద కాగితం ఇచ్చి, కొంగ ఎంత పొడుగుంటుందో చెప్పి, కాగితం దాటకుండా అసలు సైజులో గియ్యమన్నారు. పిల్లలు నేలమీద బోర్లా పడుకుని గీస్తుంటే ఒకరి కొంగ కూర్చుంది, ఒకరిది వెనక్కి తిరిగి ఈకలు దువ్వుకుంటోంది, మా చిన్నోడి కొంగకి కాళ్లే లేవు, నీళ్లలో ఉన్నాయట. ఆ తర్వాత ఫ్లెమింగో బొమ్మ దగ్గర ఎవరికీ ఏమీ వివరించక్కర్లేకపోయింది.

ఇంత మెచ్చుకున్నాను కదా అని అన్ని చేతిపని బల్లలూ ఇలాగే ఉంటాయనుకోకండి. ఒక పెద్ద లైబ్రరీలో ఫ్యామిలీ డే అని ఊరించి, తీరా వెళ్తే ఎగ్జిబిషన్ పోస్టర్ని నలుపు తెలుపు గీతల్లో అచ్చేసి, ఒక డబ్బాడు క్రేయాన్లు పెట్టి కూర్చోబెట్టారు. అదొక్కటే. రంగులు వెయ్యడానికి అంత దూరం పోవాలా? టచ్ స్క్రీన్లూ నాకు అంతంతమాత్రమే. అసలు పేజీ అడుగు దూరంలో ఉండగా పిల్లలు స్క్రీన్ మీద దాని ఫోటోని వేళ్లతో సాగదీస్తుంటారు. చెయ్యి చేసే పనికీ, పెట్టెలో ఉన్న వస్తువుకీ సూటిగా సంబంధం ఉందా లేదా అన్నదే నా కొలబద్ద. షేవింగ్ ఫోమ్ మీద రంగు చుక్కలు వేసి, పుల్లతో తిప్పి, కాగితం అద్ది, ఫోమ్ గీకేస్తే వచ్చే మార్బ్లింగ్ చౌకబారు పనే అనిపిస్తుంది, కానీ ఆ వెంటనే పాత పుస్తకాల అట్ట లోపలి కాగితాల మీద నెమలికన్నుల డిజైన్లు చూపిస్తే, ఒక్కో చుక్కా ఎటు లాగారో పిల్లలు వేలితో గాల్లో గీసి చూపిస్తారు. అది పాసైనట్టే.

హాల్లో చీకటి గురించి ఒకమాట. పిల్లలకి ఇది భయం, పెద్దవాళ్లకి విసుగు, లేబుల్ కనపడదు. వెలుతురు చేసే నష్టం పోగవుతూ పోతుంది, తిరిగి రాదు, అందుకని కాగితం, రంగుల మీద వెలుతురు సుమారు 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించకుండా చూస్తారు. పేజీలు తిప్పుతుండటం కూడా ఏ ఒక్క పేజీయో మొత్తం భారం మొయ్యకూడదనే. వెళ్లేముందు ఇంట్లో రంగు కాగితం మీద ఒక బిళ్ల పెట్టి ఎండ తగిలే కిటికీలో కొన్నాళ్లు వదిలేస్తే, బిళ్ల తీశాక పిల్లలకి ఉపన్యాసం అవసరం లేదు. తెల్ల గ్లవుజుల గురించి కూడా పిల్లలు అడుగుతారు, సినిమాల్లో చూసి. ఇప్పుడు చాలా లైబ్రరీల్లో కాగితానికీ పార్చ్‌మెంట్‌కీ కడిగి తుడుచుకున్న వట్టి చేతులే వాడమంటారు. గ్లవుజు వేసుకుంటే స్పర్శ తెలియదు, పేజీ చిరిగే ప్రమాదం ఎక్కువ. ఫోటోలకి, లోహపు వస్తువులకి మాత్రం గ్లవుజులే.

పిల్లలకి ఏ కథలు గుర్తుంటాయో ముందుగా చెప్పలేం. యేల్ యూనివర్సిటీలోని బైనెకీ లైబ్రరీ గురించి మావాళ్లకి చాలా చెప్పాను. 1963లో తెరిచారు, గోడలకి కిటికీల్లేవు, అంగుళంపావు మందం పాలరాతి పలకల్లోంచి ఎండ లోపలికి తేనెరంగులో దిగుతుంది, మధ్యలో ఆరంతస్తుల అద్దాల గోపురం నిండా పుస్తకాలు, ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయిన వొయ్‌నిచ్ రాతప్రతి అక్కడే ఉంది. ఇవేవీ అంటలేదు. 1977లో అక్కడ పుస్తకాలకి పురుగు పడితే మందు కొట్టకుండా పుస్తకాల్నే సున్నాకి 36 డిగ్రీల దిగువన మూడు రోజులు గడ్డకట్టించి పురుగుల్ని చంపారు అన్నది మాత్రం బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పారు. అలాగే డబ్లిన్‌లో 1707 నాటి మార్ష్ లైబ్రరీలో చదువరుల్ని పుస్తకాలతో సహా తీగల బోనులో పెట్టి తాళం వేసేవాళ్లు, 1916 ఐర్లాండ్ తిరుగుబాటులో దూసుకొచ్చిన తూటాల బెజ్జాలు ఇప్పటికీ కొన్ని పుస్తకాలకి ఉన్నాయి. ఇండియానా యూనివర్సిటీ లిల్లీ లైబ్రరీలో పుస్తకాలతోపాటు 30,000కి పైగా పజిళ్లున్నాయి, కొన్నిటిని వచ్చినవాళ్లు విప్పి బిగించుకోవచ్చు. మా చిన్నోడికి ఆ లైబ్రరీ ఏ దేశంలో ఉందో అక్కర్లేదు, ఎప్పుడెళ్తాం అన్నదే కావాలి.

వెళ్లే ముందు చూసుకోవలసినవి ఎక్కువేం లేవు. చాలాచోట్ల ఎగ్జిబిషన్ ఉచితం, వర్క్‌షాప్‌లకి మాత్రం ముందుగా పేరు రాయించుకోవాలి, సీట్లు త్వరగా అయిపోతాయి. బ్యాగులు, గొడుగులు లాకర్‌లో పెట్టాలి, తిండి, నీళ్ల సీసాలు లోపలికి రావు, కాబట్టి కడుపు నింపే తీసుకెళ్లండి. రాసుకోవాలంటే పెన్సిలే. ఫ్లాష్ వెయ్యకుండా ఫోటోలు సాధారణంగా తీసుకోనిస్తారు, అప్పు తెచ్చిన వస్తువులకి తప్ప. పెట్టెలన్నీ చూడాలన్న టెన్షన్ పెట్టుకోకండి, చేతిపని బల్లకి చుట్టాలైన నాలుగైదు పెట్టెలు చూస్తే ఎక్కువ. అది అసలుదా నకలా అన్నది పిల్లల్నే లేబుల్‌లో వెతికి పట్టుకోమనండి, లేబుల్ చదివించడానికి నాకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం అది. పక్కన నిలబడ్డ స్టాఫ్‌ని ప్రశ్నలడగడానికి మొహమాటపడొద్దు, రోజంతా బాత్రూమ్ ఎటు అన్న ప్రశ్నకే జవాబు చెప్పీ చెప్పీ ఉంటారు పాపం.

ఇంకోటి, చాలామంది అడగనే అడగరు. ఆ అద్దాల పెట్టెల్లో ఉన్నవి ఆ లైబ్రరీ సొత్తులో పిసరంతే, మిగతావి రీడింగ్ రూమ్‌లో చూడొచ్చు. ప్రొఫెసర్లకే అనుకుంటాం గానీ, చాలాచోట్ల గుర్తింపు కార్డు చూపించి పేరు నమోదు చేసుకుంటే మామూలు మనుషులకీ ఇస్తారు, ముందు రోజే కావలసిన పుస్తకం చెప్పాలి. నురుగు దిమ్మల మీద పుస్తకాన్ని సగమే తెరిచి పెడతారు, పేజీ లేవకుండా పూసల తాడు లాంటి మెత్తటి బరువు ఇస్తారు. పిల్లలకి వయసు నిబంధన ఉంటుంది, ఒక్కో లైబ్రరీది ఒక్కో తీరు, ముందుగా మెయిల్ రాసి అడగండి. మా పెద్దది అడిగింది, తనే రాసి. మడతలు కొయ్యని పుస్తకం ఒకటి చూడాలని ఉంది, కొయ్యను, పైనుంచి లోపలికి చూస్తాను అంతే అని. పెద్దవాళ్లు పక్కనుంటే సరే, వచ్చే నెల రమ్మన్నారు.